హీరోగారి ఎడమ కన్ను

“మా ఆయన పోయిననాడు మీరు ఏడ్చింది నిజంగానేనా బాబాయిగారూ?” అని, హీరోగారు ఊరొదిలి పోతుంటే మార్టూరులో బస్సు దగ్గర అడిగాను.

“నీకింకా అనుమానమేనా అమ్మాయ్!” అంటూ ఎక్కి, ఎడమ చెంప నా వైపుండేట్టు కూర్చున్నాడు. మళ్ళీ మేం మాట్లాడుకున్నది లేదు.

అట్లాగే రాయవే మనవరాలా.

నలుపు తెలుపు సినిమాల తొలిరోజుల్లో మద్రాసులో హీరోనని చెప్పుకునేవాడు. మూడు సినిమాలు ఆడాయట, నాలుగోదానికి మొహం పాతబడిందన్నారట. ముసలితనంలో మా పక్కగదిలో అద్దెకు దిగాడు. మీ తాత నమ్మాడు. నేను మాత్రం కేబుల్‌లో పాత సినిమా వచ్చినప్పుడల్లా వెతికా, ఎక్కడా కనపడలేదు.

మా వాకిట్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు తుమ్మలేక చస్తుంటే, ఆయన పక్కనే కుర్చీలో దర్జాగా కూర్చునేవాడు. “ఏదీ, ఏడవండి హీరోగారూ!” అని ఉడికిస్తే, ఎడమ కంట్లోంచి ఒకే ఒక్క చుక్క జార్చేవాడు. “కెమెరా ఇటుండేది. రెండో కన్ను తడిస్తే దండగ” అనేవాడు.

అట్లాంటి మనిషి ఏడిస్తే నమ్మేదెట్లా? మీ తాతని వాకిట్లో పడుకోబెట్టినప్పుడు నేను హీరోగారి మొహమే చూస్తున్నా. రెండు కళ్ళూ కారాయి, ముక్కూ కారింది, తుడుచుకోను కూడా లేదు. పక్కన మిరపకాయల రాశి ఉందిగా, ఆ ఘాటుకేలే అనుకున్నా.

మూడేళ్ళు ఆ రాశి పక్కనే కూర్చున్నాడే, ఘాటుకి ఒక్కనాడైనా ఆయన కళ్ళు తడిశాయా? నాకీ మాట ఇవాళే తట్టింది.

ముక్కు కారిందని రాశావా? ఏదీ, అక్కణ్ణించి చదివి వినిపించు.