ఆమేన్ అందని థ్రెడ్లు

అలసినవారికి బలమిచ్చే దేవునికి స్తోత్రం.

తడ దగ్గర రొయ్యపిల్లల హేచరీకి నేనొక ప్రోగ్రాం రాసిచ్చాను. తొట్ల దగ్గర పనిచేసే అక్క నీటి రీడింగులు కంప్యూటరులో కొడితే, ప్రోగ్రాంలో వెనక విడిగా నడిచే చిన్న పనివాళ్ళలాంటి థ్రెడ్లు వాటిని పదేసి పోగుచేసి ఫైలులో రాసేవి. సాయంత్రం విండో మూసినా ప్రోగ్రాం ముగిసేది కాదు. మేనేజరు గారు విసిగి బలవంతంగా ఆపేవారు. ఆ రోజు చివరి రీడింగులు కనబడేవి కావు. నింద అక్క మీద పడింది.

"ఇంకోసారి రీడింగులు పోతే పనిలోకి రావద్దన్నాడు మేనేజరు. నేను కొట్టినాను, అన్నా! నీ మిషనే మింగేసింది," అందామె.

నాలుగు రోజులు వెతికినా కారణం దొరకలేదు. ఆదివారం ఒళ్ళు ఈడ్చుకుంటూ మనుబోలులో ఆరాధనకు వెళ్ళాను. ముగింపు ఆశీర్వాదం అయిపోయినా వరండాలో ఆడవాళ్ళు మోకాళ్ళ మీదే ఉన్నారు. అక్కడి స్పీకరు చెడిపోయింది. గేటు తాళం పట్టుకుని ఎదురుచూస్తున్న సంఘపెద్ద, "ఆమేన్ అయిపోయింది, లేవండమ్మా," అన్నారు.

"మాకెవురు చెప్పినారు? మోకాళ్ళు పోతుండాయి," అని ఒక పెద్దామె కసిరింది.

ఆ మాటతో నాకు తట్టింది: పని అయిపోయిందని నేనూ ఆ థ్రెడ్లకు ఎక్కడా చెప్పలేదు. పది నిండని రీడింగులు పట్టుకుని, తర్వాతిదాని కోసం అవి కాచుకుని ఉండేవి. బలవంతంగా ఆపితే చేతిలోవి పోయేవి.

సోమవారం విండో మూయగానే వాటికి ఆ కబురు అందేలా, ఉన్నవి రాసేసి ముగించేలా మార్చాను. తప్పు నాదని మేనేజరు గారి ముందు ఒప్పుకున్నాను. అక్క నవ్వలేదు.

"నాలుగు రోజులు అన్నం సయించలేదన్నా," అంది.

ఆ మాట బరువు ఇంకా దిగలేదు. నా తప్పుకు మరొకరు నింద మోయకుండా కాపాడమని, చదువుతున్న మీరూ నాతో కలిసి తండ్రిని వేడుకోండి.