యాడికి దగ్గర, పొడిమట్టి కట్ట మీద

పందొమ్మిది వందల అరవైల మొదట్లో ఒక వేసవిలో మా మనవడు రంగనాథ్ కబురు పంపాడు. సివిల్ ఇంజనీరింగ్ ముగించి, యాడికి అనే ఊరి దగ్గర కరువు పనుల కింద చెరువుకట్ట వేయిస్తున్నాడు. ఆ పని మానేసి మద్రాసులో నక్షలు గీసే ఉద్యోగానికి పోతాడట. పోవడం వాడిష్టం, పారిపోవడమైతే నేను ఒప్పుకోను. జవాబు రాసి కూర్చోవడానికి నాకు కాలు నిలవలేదు.

మా ఊరి నుంచి తాడిపత్రికి పొద్దున ఆరు గంటల బస్సు, రూపాయి డెబ్బై అయిదు పైసలు. అక్కడ మారితే యాడికికి ఇంకో డెబ్బై. ఇంజను వేడెక్కి రెండుసార్లు ఆగితే, రెండుసార్లూ దిగి రోడ్డు మీద పచార్లు చేశాను. యాడికి నుంచి మూడు మైళ్లు ఎద్దులబండి, రూపాయి. బండి తోలే ఓబులేసు ఊరుకోలేదు.

"చెరువుకట్టకా అమ్మా? ఆ చిన్న ఇంజనీరు పొద్దున పని నిలిపేసినాడంట. కూలోళ్లు కొట్టేట్టుండారు. ఆయప్ప మీకేమైతాడు?"

"మనవడు."

నాలుక కరుచుకుని ఎద్దుల్ని అదిలించాడు.

కట్ట మీద గంపలు బోర్లించి కూలీలు కూర్చున్నారు. వాళ్ల ముందు రంగడు అటూ ఇటూ తిరుగుతూ కంపాక్షన్, మాయిశ్చర్ అంటున్నాడు.

"ఆ మందుల పేర్లు మాకెందుకప్పా?" అంది నాగమ్మ అనే కూలీ. "మట్టి మోస్తాండాం, కూలి ఇయ్యి."

అందరూ నవ్వారు. వాడు నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"మట్టిని పొరపొరకూ తడిపి, దిమ్మిసతో కొట్టి గట్టిపరచాలవ్వా. ఉన్న ఒక్క బావి వీళ్లు తాగడానికే చాలదు. పొడిమట్టి పోస్తే మొదటి వానకే కట్ట తెగుతుంది, కింద ఊరుండాది. పోసేయమంటున్నాడు పై అధికారి. ఇంకాసేపట్లో వస్తాడు. ఆపితే వీళ్లకు కూడు లేదు. నేనేం చేయాల?"

"నాకు చెప్పినట్టే వాళ్లకు చెప్పు."

వాడు కూలీల ముందుకు పోయి గుప్పెడు మట్టి పిసికి చేయి తెరిచాడు. గాలికి లేచిపోయింది. ఇంకో గుప్పెడు తన సీసాలో నీళ్లతో తడిపి, ఉండ చేసి నాగమ్మ చేతిలో పెట్టాడు. ఆమె నేలకేసి కొట్టింది. ఉండ పగల్లేదు. ఆమె కింది ఊరి వైపు చూసింది.

"మా చెల్లెలు ఆడే ఉండాది. సరే, మరి కూలి?"

"కట్ట ముందువైపు పరిచే రాయి ఇంకా గుట్ట మీదే ఉండాది. దానికి నీళ్లక్కర్లేదు. ఇప్పుడు రాయి మోద్దాం, మట్టి వానొచ్చినాక."

"ఇది పొద్దున్నే చెప్పడానికి నోట్లో ఏం పెట్టుకున్నావప్పా?" అని నాగమ్మ గంప ఎత్తుకుంది.

జీపు వచ్చింది. ఎవరి ఆర్డరు మీద పని మార్చావని అధికారి అరిచాడు. రంగడు ముందుకొచ్చాడు.

"నాదే సార్. పొడిమట్టికి సంతకం పెట్టను. కారణం రాసిస్తా, పైకి పంపండి."

"రాసియ్యి. నీ ఉద్యోగం సంగతి తర్వాత చూస్తా."

జీపు పోయాక, మద్రాసు మాటేమిటని అడిగాను.

"నేను పోతే రాయి కొలిచేవాడు లేడవ్వా ఈడ" అని గుట్ట వైపు నడిచాడు.

మట్టి ఎంత బరువు ఆపుతుందో కాలేజీలో నేర్పారు. కాదనే మాట ఎవరికి, ఏ భాషలో చెప్పాలో నేర్పినట్టు లేదు. తిరుగు బస్సులోనూ నాకు కుదురు లేదు, వాడి ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియదు. అయినా వాణ్ని వెంట తీసుకురావాలని అనిపించలేదు. ఇలాంటి చోట్లకు పిల్లల్ని చూడబోయేవాళ్లు కూజా నిండా నీళ్లు తీసుకుపోండి. అక్కడ ఎవరినీ అడగకండి. నీళ్లు లేవనరు, తాము తాగే వంతే తెచ్చి పోస్తారు.