తమ్ముడి పేరు మీద

అతను కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. భుజాన ఒక సంచీ, అందులో స్క్రూడ్రైవర్లు, పాత బాబిన్లు, తోలు బెల్టు ముక్కలు, నూనె డబ్బా. ఏ ఇంట్లో మిషను బిగుసుకుపోయినా చివర్లో చెప్పేది ఒకటే మాట: "రోజుకో చుక్క నూనె వేయండమ్మా, నాతో పని ఉండదు." అలా చెప్పీ చెప్పీ అతని పేరే నూనెచుక్క అయిపోయింది. "మన పొట్టకు మనమే ఎసరు పెట్టుకోవడం అంటే ఇదే," అని భార్య నవ్వేది.

తమ్ముడు అతనికన్నా మూడేళ్లు చిన్న. సబ్బుల ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగి. ఇద్దరివీ తండ్రి పోలికలే. వెనకనుంచి చూసి తల్లి కూడా ఒకణ్ణి అనుకుని ఇంకొకణ్ణి పిలిచేది. తమ్ముడికి జబ్బు చేస్తే ఫ్యాక్టరీ ఇచ్చిన ఆసుపత్రి కార్డు ఉంది. అన్నకు సంచీ తప్ప ఏమీ లేదు.

ఒక ఏడాది నూనెచుక్కకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు టైలరు షాపులో మిషను కింద దూరి బెల్టు ఎక్కిస్తూ అక్కడే ముడుచుకుపోయాడు. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషను తప్పదన్నారు. ఇంట్లో ఉన్నవన్నీ అమ్మినా ఆ ఖర్చులో సగం కూడా రాదు.

తమ్ముడే వచ్చి కార్డు చేతిలో పెట్టాడు. "ఇది తీసుకెళ్లు అన్నయ్యా. ఆ ఫోటోలో నన్ను నేనే గుర్తుపట్టలేను."

"తప్పు కదరా."

"తప్పే. మరి నిన్నిలా చూస్తూ కూచోమంటావా?"

మరదలు భర్త ఫ్యాక్టరీ చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆసుపత్రిలో నర్సు తమ్ముడి పేరు పెట్టి పిలిస్తే మొదటిసారి అతను పలకలేదు. రెండోసారి భార్య మోచేత్తో పొడిచింది. "మీవారి ఆపరేషనుకు సంతకం పెట్టండమ్మా," అని ఆమెకు కాగితం ఇచ్చారు. ఆమె తోటికోడలి పేరు రాసింది. అలవాటుగా తన పేరు మొదలుపెట్టి, ఒక అక్షరం కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ పూటంతా మొగుడి మొహం వైపు చూడలేదు. ఆపరేషను తర్వాత అతనికి ఐదు రోజులు ఒక ఇంజెక్షను ఇచ్చారు. అదంతా తమ్ముడి ఫైల్లోకి ఎక్కింది.

రెండేళ్లు గడిచాయి. తమ్ముడు జ్వరంతో ఫ్యాక్టరీలో పడిపోతే తోటి పనివాళ్లు అదే ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఒంటిమీద తెలివి లేదు. మరదలు పిల్లల్ని పక్కింట్లో అప్పగించి వచ్చేలోపు నూనెచుక్క అక్కడికి చేరాడు. అప్పటికే ఒక ఇంజెక్షను అయిపోయింది. తమ్ముడి మెడ మీదా చేతుల మీదా ఎర్రగా దద్దుర్లు లేచి ఉన్నాయి. ఏం మందని నర్సును అడిగాడు. పేరు వినగానే పాత సంగతి గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల వయసులో ఆ మందు పడకే వాడి మొహం గుమ్మడికాయలా వాచింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. "మా తమ్ముడికి ఆ మందు పడదండీ."

ఆమె విసుక్కోలేదు. ఫైలు తిప్పి చూపించింది. "రెండేళ్ల కిందట ఇక్కడే ఐదు రోజులు ఇదే ఇచ్చాం. ఏమీ కాలేదు. చిన్నప్పటి సంగతులు ఒక్కోసారి పొరపాటుగా గుర్తుంటాయండీ. ఇవి జ్వరం దద్దుర్లే అయ్యుంటాయి."

ఆ ఐదు రోజులూ ఆ మంచం మీద ఉన్నది నేనేనని చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది. పోలీసులు గుర్తొచ్చారు. తమ్ముడి ఉద్యోగం గుర్తొచ్చింది.

"అలాగేనండీ," అన్నాడు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రం నర్సు ట్రే పట్టుకుని అతని ముందునుంచే లోపలికి వెళ్లింది. ట్రేలో సిరంజి ఉంది. అతను కాళ్లు దగ్గరికి తీసుకుని ఆమెకు దారి ఇచ్చాడు.

మర్నాడు పొద్దుటికి తమ్ముడి పెదవులు పొక్కిపోయాయి. మూత్రం దాదాపు ఆగిపోయింది. మూడో ఇంజెక్షనుకు వచ్చిన నర్సు చెయ్యి పట్టుకుని ఆపాడు నూనెచుక్క. డాక్టరమ్మా, మరదలూ, పక్క మంచాలవాళ్లూ చూస్తుండగా చొక్కా పైకెత్తి ఆపరేషను మచ్చలు చూపించాడు. "ఆ ఫైల్లో ఉన్నది నేనండీ." డాక్టరమ్మ మందు మార్పించడానికి పరుగెత్తింది.

తమ్ముడు బతికాడు. మూత్రపిండాలు మాత్రం సగానికి సగం దెబ్బతిన్నాయి. ఫ్యాక్టరీ వాళ్లు కార్డు వెనక్కి తీసుకుని, మనిషిని ఇంటికి పంపేశారు. మరదలు ఒక ప్యాకింగు షెడ్డులో పనికి కుదిరింది.

మూడేళ్ల తర్వాత, అందరికీ ప్రభుత్వ ఖర్చుతోనే వైద్యం చేయించాలా అన్నదానిమీద జనం అభిప్రాయాలు వినడానికి అధికారులు ఒక సభ పెట్టారు. ఒక పెద్దమనిషి లేచి, "ఊరికే ఇస్తే జనం మోసాలకు అలవాటు పడతారు," అన్నాడు. వెనక వరసలోంచి నూనెచుక్క లేచాడు.

"అయ్యా, నేను మోసం ఎప్పుడో చేశాను. ఊరికే ఇవ్వని రోజుల్లోనే చేశాను," అని కార్డు కథంతా చెప్పాడు. "మేమిద్దరం ఒక తల్లి పిల్లలం. వాడికి జబ్బు చేస్తే ఫ్యాక్టరీ చూస్తుంది, నాకు జబ్బు చేస్తే ఎవరూ చూడరు. నా పేరు నేను చెప్పుకుని మంచమెక్కే వీలుంటే వాడి ఫైల్లో నా ఒళ్లు చేరేది కాదు. ఇప్పుడు వాడికీ ఉద్యోగం లేదు. ఇప్పుడే కదండీ వాడికి వైద్యం కావాల్సింది?"

సభ ముగిసి బయటికొస్తుంటే ఒక పెద్దావిడ అతని చెయ్యి పట్టుకుని, "ఎంత ధైర్యం నాయనా నీది," అంది. అతను తలెత్తలేకపోయాడు. కార్డు సంగతి చెప్పాడు గానీ సిరంజి ట్రే సంగతి ఆ సభలో చెప్పలేదు. అప్పటిదాకా భార్యకు కూడా చెప్పలేదు.

మరుసటి ఏడాది ఆ వైద్యం నిజంగానే వచ్చింది. ఏ ఉద్యోగమని అడగకుండానే తమ్ముణ్ణి నెలనెలా చూసి, మందులిచ్చి పంపేవారు. ప్రతిసారీ అన్న తోడు వెళ్లేవాడు. ఒక ఉదయం వరసలో కూర్చుని ఉండగా, ఇక ఆగలేక, ఆ సాయంత్రం గురించి చెప్పేశాడు.

"నా ఉద్యోగం పోతుందనే కదా ఆగావు," అన్నాడు తమ్ముడు. అన్న గట్టెక్కడానికి చేయి అందించినట్టే అన్నాడు.

"అదీ ఉందిరా. కానీ ముందు నాకు నా గురించే భయమేసింది."

లోపల్నుంచి తమ్ముడి పేరు పిలిచారు. ఎప్పటిలా అన్న భుజం పట్టుకోకుండా, గోడ పట్టుకుని లేచి, ఒక్కడే లోపలికి వెళ్లాడు.