గోళీలక్క ఎర్ర సంతకం

బేరింగుల ఫ్యాక్టరీ తనిఖీ గదిలో కిటికీ పక్క బల్ల గోళీలక్కది. ఇరవై ఆరేళ్ళ కిందట ఆమె ఆ గదిలోకి చీపురు పట్టుకుని వచ్చింది. ఊడుస్తూనే బల్లల మీద ఏం జరుగుతోందో చూసింది. కింద పడ్డ ఉక్కు గోళీలను చెత్తలో పారెయ్యకుండా ఏరి, మంచివీ చెడ్డవీ వేరు చేసి మేస్త్రీ బల్ల మీద పెట్టేది. ఆమె వేరు చేసినవాటిని మళ్ళీ చూడాల్సిన పని ఉండటం లేదని మేస్త్రీకి ఆరు నెలలకు అర్థమైంది. చీపురు ఇంకొకరికి ఇప్పించి ఆమెకు కుర్చీ వేయించాడు. గోళీని గాజుపలక మీద దొర్లించి, చప్పుడు విని, వేలి కొసతో ఒక్కసారి తడిమితే చాలు, దాని మంచిచెడ్డలు ఆమెకు తెలిసిపోయేవి.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. చెడ్డ సరుకును మంచిదని వదిలేసినవాళ్ళు, తప్పు బయటపడ్డ రోజున రిజిస్టరులో ఆ వరుస ఎదురుగా ఎర్ర సిరాతో సంతకం చెయ్యాలి. తిట్లుండవు, జరిమానా ఉండదు. సంతకం పెట్టి, మళ్ళీ వెళ్ళి బల్ల దగ్గర కూర్చోవడమే. గోళీలక్క వరుసల్లో ఇన్నేళ్ళలో ఎర్ర చుక్క కూడా పడలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకోనవసరం లేకుండా అందరికీ తెలిసేలా కూర్చుంటుంది.

ఇంట్లో మాటలన్నీ ఆమె భర్త వంతు. ముప్పై ఏళ్ళు లారీ నడిపి దిగినవాడు. ఇంజను చప్పుడు మీద గొంతు పెంచి మాట్లాడే అలవాటు ఇంకా పోలేదు. కొడుకు షిఫ్టు డ్యూటీల మధ్య ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. కోడలు బస్సు డిపోలో టికెట్ల కౌంటరులో పనిచేసేది. ఆ అమ్మాయే ఒక సాయంత్రం చున్నీలో చుట్టి ఏడు వారాల కుందేలు పిల్లను తెచ్చింది. బూడిదరంగు ఒళ్ళు, నుదుటి మీద గుండ్రటి తెల్లమచ్చ. బొత్తాం అని పిలిచింది.

"ఇంట్లో మనుషులకే చోటు చాలక ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళం తొక్కుకుంటున్నాం. ఇదొకటా?" అని గోళీలక్క గొణిగింది.

నెల తిరక్కుండానే కోడల్ని పది రోజుల శిక్షణకు వేరే ఊరు పంపారు. వెళ్ళేముందు ఆ అమ్మాయి ఎండుగడ్డి సంచీ, నీళ్ళ సీసా చూపించింది.

"అత్తయ్యా, ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి. పిల్లది కదా, పొట్ట ఇంకా కుదురుకోలేదు. ఏం తింటోందో చూడటం కంటే ఏం వేస్తోందో చూడండి. మామయ్యకి అప్పగించాలంటే నాకు భయం, మీ చేతిలో పెడితే దిగుల్లేదు."

"వెళ్ళిరా అమ్మాయ్. నా బల్ల మీంచి చెడ్డ సరుకు పోదు," అంది గోళీలక్క.

కోడలి మాటను ఆమె తనిఖీ ఉత్తర్వుగానే తీసుకుంది. భర్త ఖాళీ చేసిన బిస్కెట్ల డబ్బా మూత తీసి, మేకుతో మూడు బెజ్జాలు పొడిచి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దింది. చిన్నది, నడిమిది, పెద్దది. ఉదయం డ్యూటీకి వెళ్ళేముందూ సాయంత్రం వచ్చాకా పంజరం కింద ట్రేలో పెంటికలను పాత స్పూనుతో ఏరి, ఆ మూత రేకు మీద పెట్టి, ఎన్ని ఏ బెజ్జంలో దిగాయో ఒక నోటు పుస్తకంలో రాసేది.

"ఇదేం చోద్యమే! జనం ముత్యాలు కొలుస్తారు, నువ్వు పెంటికలు కొలుస్తున్నావు," అనేవాడు భర్త.

"ముత్యాలు తెచ్చిపెట్టండి, అవీ కొలుస్తాను."

మొదటి రెండు రోజులు లెక్క అడ్డదిడ్డంగా ఉంది. కొన్ని పెద్ద బెజ్జంలో దిగి నడిమిదాని మీద ఆగాయి, కొన్ని నడిమిదాంట్లోనూ దిగాయి. ఆమెకు నచ్చలేదు. మూడో రోజుకి తేడాలు తగ్గాయి. నాలుగో రోజు సాయంత్రం ట్రేలో ఉన్నవన్నీ గట్టిగా, నున్నగా, అచ్చుపోసినట్టు ఒకే కొలత. అన్నీ చిన్న బెజ్జంలోంచి టపటపా రాలిపోయాయి. సంఖ్య కూడా తగ్గింది. తక్కువ సరుకు, శుభ్రమైన సరుకు అనుకుని ముచ్చటపడి, పుస్తకంలో ఆ వరుస పక్కన టిక్కు పెట్టింది.

"చూశారా, పిల్ల దారిలో పడింది. ఒక్కటంటే ఒక్కటి తేడా లేదు."

"నీ పెంపకం మరి!" అన్నాడు భర్త, ఎందుకో ఆ పూట మాటలు పొదుపుగా వాడుతూ.

ఐదో రోజు ఉదయం ట్రే ఖాళీగా ఉంది. పెట్టిన గడ్డి పెట్టినట్టే ఉంది. బొత్తాం మూలన ముడుచుకుని, కళ్ళు సగం మూసి, పళ్ళు నూరుతోంది. గ్రీజు ఎండిపోయిన బేరింగు తిరిగినప్పుడు అలాంటి చప్పుడే వస్తుంది.

పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివింది. పెద్దా నడిమీ, నడిమీ చిన్నా, చిన్నది, మొత్తం చిన్నది, ఇప్పుడు ఏమీ లేదు. అంతా తన చేత్తో రాసిందే. ఫ్యాక్టరీలో మిషను సెట్టింగు జారితే సరుకంతా చక్కగా ఒకేలా వస్తుంది, కానీ అంతా కొలతకు తక్కువగా వస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ మొదటిరోజే ఆమె చెప్పే మాట, ఒకేలా ఉండటం వేరు, సరిగ్గా ఉండటం వేరు అని. ఆ మాట ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదన్నమాట.

"నేనే చూసి నేనే వదిలేశానండీ," అంది. ఫ్యాక్టరీకి ఫోను చేసి సెలవు చెప్పి, పిల్లను తువ్వాలులో చుట్టి, పుస్తకం చంకన పెట్టుకుంది. భర్త స్కూటరు తీశాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. మోచేతుల దాకా కుక్క గీరిన గీతలు. బొత్తాం పొట్టను రెండు చేతులతో నెమ్మదిగా వత్తి చూసింది. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, గొట్టాలు గోళీలక్క చెవులకు తగిలించింది.

"ఏమైనా వినిపిస్తోందా అమ్మా?"

"గుండె కొట్టుకుంటోంది. ఇంకేం లేదు."

"అదే వచ్చిన చిక్కు. పొట్టలో గుడగుడ వినపడాలి. పేగులు పని మానేశాయి. అడ్డం ఏమీ పడలేదు, అది నయం. ఇంత చిన్నపిల్లకి ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేది. ఎప్పట్నుంచి ఇలా ఉంది? అందరూ నిన్నటి నుంచి అనే అంటారు."

గోళీలక్క పుస్తకం తెరిచి ముందు పెట్టింది. తేదీలు, పూటలు, బెజ్జాలు, లెక్క. డాక్టరు చదివి తలెత్తింది.

"గడ్డి బాగా తింటే పెద్దవిగా, గడ్డిరంగులో పడాలి. ఇవి మూడో రోజు పొద్దుటి నుంచి చిన్నబడ్డాయి. అంటే రెండో రోజు ఏదో పడనిది తింది. ఏం పెట్టారు?"

"ఎండుగడ్డి, నీళ్ళు. అంతే డాక్టరమ్మా."

గోళీలక్క భర్త వైపు చూసింది. ముప్పై ఏళ్ళు గొంతు పెంచి మాట్లాడిన మనిషి చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"బిస్కెట్టు," అన్నాడు చివరికి. "చిన్న ముక్క. అలా కళ్ళల్లోకి చూస్తే నేనేం చేసేది? పగలంతా మేమిద్దరమే కదా ఇంట్లో."

"ఒక్కరోజేనా?"

"రోజూ... టీతో పాటు."

"టీ కూడా పోశారా సార్?"

"ఛ ఛ! ఆ మాత్రం తెలీదా నాకు!"

నవ్వాపుకుంటూనే డాక్టరు రెండు ఇంజెక్షన్లు వేసి, చర్మం కింద సెలైను ఎక్కించింది. గడ్డిపొడిని నీళ్ళలో జావలా కలిపి, సూది లేని సిరంజితో మూడు గంటలకోసారి పెట్టమంది. ఒళ్ళు వెచ్చగా ఉంచాలి, పొట్టను నెమ్మదిగా రాయాలి. మర్నాటికల్లా ట్రేలో ఏదో ఒకటి పడాలి.

పెట్టే విధానం డాక్టరు ఒక్కసారే చూపించింది. గోళీలక్కకు ఒక్కసారి చాలు. ముందుపళ్ళ వెనక ఉన్న ఖాళీలోంచి, పక్కవాటంగా సిరంజి కొన దూర్చి, గింజంత జావ వదలాలి. నమిలి మింగేదాకా ఆగాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆమె తొందరపడలేదు. దవడ కదలిక ఆగాకే మళ్ళీ వేలు నొక్కింది. పొట్ట రాస్తున్నప్పుడు వేలి కొసలు తమ పాత పని చేశాయి. చర్మం కింద ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తబడుతోందో వెతికాయి. భర్త వేణ్ణీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి, చల్లారిన ప్రతిసారీ మార్చాడు. చుట్టుపక్కలవాళ్ళు గుమ్మంలో నిలబడి తలో చిట్కా చెబితే, "తనిఖీ జరుగుతోంది, తర్వాత రండి," అని పంపించాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వేళ్ళ కింద ఏదో కదిలింది. చెవి ఆనించింది. గుడగుడ. గంట తర్వాత ట్రేలో మూడు పెంటికలు పడ్డాయి. ఒకటి వంకర, ఒకటి సొట్ట, ఒకటి వెంట్రుక పట్టుకుని వేలాడుతోంది. ఫ్యాక్టరీలో ఇలాంటి సరుకు కనిపిస్తే తొట్టె మొత్తం వెనక్కి పంపేది.

"ఏమండీ! చూడండి ఎంత బాగున్నాయో!"

"సొట్టగా ఉన్నాయి కదే?"

"ఉండనివ్వండి."

ఆ సాయంత్రం బొత్తాం తనంతట తానే ఒక గడ్డిపోచ నోట పెట్టుకుంది. గోళీలక్క పుస్తకం తీసి, నాలుగో రోజు టిక్కు ఎదురుగా, భర్త జేబులోని ఎర్ర పెన్నుతో పూర్తి సంతకం పెట్టింది. ఆ చేత్తోనే కోడలికి ఫోను చేసింది. బిస్కెట్టు ఊసు ఎత్తకముందే తన తప్పు చెప్పింది.

"కళ్ళముందే ఉన్నా చూసుకోలేదు అమ్మాయ్. ఇప్పుడు తింటోంది. నువ్వు మాత్రం శిక్షణ పూర్తిచేసుకునే రా."

రెండు రోజులకు మళ్ళీ చూపించడానికి వెళితే డాక్టరు పొట్ట విని, బరువు తూచి, పుస్తకం అడిగి తీసుకుంది. ఎర్ర సంతకం ఏమిటని అడిగి తెలుసుకుంది. గోళీలక్క వెంట తెచ్చిన రేకును వెలుతురుకు ఎత్తి బెజ్జాల్లోంచి చూసింది.

"నేను ఐదేళ్ళు చదివానమ్మా. ఇది తట్టలేదు. నాకొకటి చేసిస్తారా? ఇక్కడ గోడకి తగిలిస్తాను. కుందేళ్ళు తెచ్చేవాళ్ళందరికీ చూపిస్తాను. రేపు ఇస్తారా?"

"రేపు కాదు," అంది గోళీలక్క. "దీన్ని మేకుతో పొడిచాను. గోడకెక్కేదానికి బెజ్జాలు డ్రిల్లుతో తియ్యాలి, కొలిచి చెయ్యాలి. ఎల్లుండి."

పదో రోజు కోడలు సంచీ గుమ్మంలోనే పడేసి పంజరం దగ్గర కూలబడింది. బొత్తాం గెంతుకుంటూ వచ్చి ఆమె వేళ్ళు వాసన చూసి, మళ్ళీ గడ్డి దగ్గరికి పోయింది. కోడలు పుస్తకం తిరగేస్తూ ఎర్ర సంతకం దగ్గర ఆగింది.

"ఇదెందుకు అత్తయ్యా, చింపేద్దామా? మీరు దాన్ని బతికించారు కదా!"

"చింపితే తక్కినవన్నీ నమ్మేదెవరు? ఉండనీ. ఇరవై ఆరేళ్ళలో ఒక్కటే ఉంది. తెచ్చి చూపించమంటే చూపిస్తాను." ఆ మాట అంటున్నప్పుడు గోళీలక్క వీపు ఫ్యాక్టరీ కుర్చీలో ఉన్నంత నిటారుగా ఉంది.

ఆనాటి సరుకు ఇంకా ట్రేలోనే ఉంది. స్పూను కోడలి చేతికిచ్చింది. ఆ అమ్మాయి గడ్డిరంగులో ఉన్న ఒక పెంటికను ఏరి పెద్ద బెజ్జం మీద పెట్టింది. అది దిగలేదు. రేకును కాస్త కదిపినా దిగలేదు.

"రాసుకో," అంది అత్తగారు.