కవరు తీయని తాంబాలం

కొత్త పళ్లెం మీది ప్లాస్టిక్ కవరు చించే చప్పుడు వింటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

మాది రాజస్థాన్. మహబూబాబాద్‌లో నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. ఎప్పటికైనా వాపసు పోయేవాళ్లమేనని ఆయన ఇంటికి ఏదీ కొననిచ్చేవారు కాదు. అమ్ముడుపోని సొట్ట పళ్లేల్లోనే తినేవాళ్లం.

ఆ ఏడు అమ్మ మొదటిసారి బతుకమ్మ పేర్చింది. దుకాణంలోని పెద్ద తాంబాలం తెచ్చింది కానీ, కవరు తీయలేదు. ఆట అయ్యాక కడిగి మళ్లీ అమ్మకానికి పెట్టాలి కదా! ఆడవాళ్లంతా చుట్టూ తిరిగి పాడుతుంటే నేను ఆ కవరునే చూస్తూ నిలబడ్డాను. కవరు చిరిగితే నాన్న ఏమంటారో!

పక్కింటి అవ్వ వంగి చూసింది. "ఏంది బిడ్డా, కవర్ తియ్యలే? గౌరమ్మ కూసున్న తాంబాలం రేపు మళ్ల అమ్ముతవా?"

అమ్మ ముఖం ఎర్రబడింది. "లేదవ్వా, గిది మాదే" అంటూ అంచు చుట్టూ కవరును సర్రున చించేసింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఇంటికొచ్చాక నాన్న తాంబాలాన్ని తిప్పి తిప్పి చూశారు. గూట్లో సొట్ట పళ్లేలను పక్కకు జరిపి దానికి చోటు చేశారు.

తిట్లు తప్పాయని మాత్రమే నేను సంతోషించాను. మేమిక ఎక్కడికీ వెళ్లబోమని ఆ రోజే తేలిపోయినట్టు చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.