గడియారం వెనక పరుగు

ఆ అగ్నిమాపక కేంద్రంలో అతడిని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ గడియారమే. ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్షలో మైదానం చుట్టూ ఆరు చుట్లు గడువులోగా పరుగెత్తాలి. మొదటి చుట్టు ఎంతసేపట్లో తిరుగుతాడో చివరి చుట్టూ అంతసేపట్లోనే తిరిగే మనిషి అతడు. అందుకే పరీక్ష రోజున మిగతావాళ్లు చేతి గడియారాలు తీసి జేబుల్లో పడేసుకుని, నిశ్చింతగా అతడి వెనకే వరసకట్టి పరుగెత్తేవారు. అతడిని దాటకూడదని ఎవరూ రాసిపెట్టలేదు. అయినా ఇన్నేళ్లలో ఎవరూ దాటలేదు. అక్కడ అదొక మర్యాద.

ఆ వరసలో అందరికంటే చివర ఉండేది అతడి బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. వాణ్ని ఉద్యోగంలోకి లాక్కొచ్చిందీ, నిచ్చెన ఎక్కడం నేర్పిందీ, ఫైరింజన్ మీద తన పక్కనే చోటు ఇప్పించిందీ గడియారమే. వాడికి ఆ బండంటే ప్రాణం. గంట మోగిందంటే తింటున్న కంచం వదిలేసి మొదట ఎక్కేది వాడే. నిరుడు పరీక్షలో వాడొక్కడే రెప్పపాటు తేడాతో తప్పాడు. గడియారం ఊరుకున్నాడా? పొట్ట చూసుకో, ఒళ్లు వంచు, నా పరువు తీశావు అంటూ వారం రోజులు చెడామడా తిట్టాడు. అతడి మాట మీద అక్క కూడా తమ్ముడి కంచంలో సగమే వడ్డించింది. వాడు కిక్కురుమనకుండా లేచి వెళ్లిపోయేవాడు. వరసగా రెండోసారి తప్పినవాణ్ని బండి దింపి సామాన్ల గదిలో కూర్చోబెడతారు. పైపులు చుట్టుకుంటూ, ఇంకొకరు బండెక్కి వెళ్తుంటే చూస్తూ ఉండాలి.

ఈ ఏడు పరుగు గడియారానికి ఎప్పటిలాగే అనిపించింది. అదే అడుగు, అదే ఊపిరి. గీత దాటి, చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగి నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. అధికారి స్టాప్‌వాచ్ రెండుసార్లు చూసుకుని, గడియారం ఒక్కడే నెగ్గాడన్నాడు. అతడిలా యాభై దాటినవాళ్లకు గడువు కాస్త ఎక్కువ. వెనక వచ్చినవాళ్లంతా తప్పారు, బావమరిదితో సహా.

ఇంతమంది ఒకేసారి తప్పడంతో, అందరికీ నెల తర్వాత ఇంకో అవకాశం ఇస్తామన్నారు. ఒక్కరూ అతడిని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇంట్లో భార్య కంచం ముందు పెట్టి, "మావాణ్ని బండి దించేస్తారా?" అని మాత్రం అడిగింది. మర్నాడు బావమరిదిని పక్కకు పిలిచాడు.

"నెమ్మదించామని నీకు తెలీలేదట్రా?"

"నాలుగో చుట్టులోనే తెలిసింది బావా."

"మరి దాటిపోవచ్చుగా?"

"అందరి ముందూ నిన్ను దాటి ఎలా పోను?"

మిగతావాళ్లు ఈసారి ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటామన్నారు. బావమరిది మాత్రం ససేమిరా అన్నాడు. బావ ముందుంటేనే తన కాళ్లు కదులుతాయట. గడియారం అధికారిని బతిమాలి, వాడికి తోడుగా పరుగెత్తడానికి ఒప్పించుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి మణికట్టుకు వాచీ కట్టుకుని దిగాడు. సిగ్గేసింది, అయినా కట్టుకున్నాడు.

మొదటి మూడు చుట్లు వాచీ లెక్క తప్పకుండా పరుగెత్తాడు. నాలుగో చుట్టులో రొమ్ము పట్టేసింది. వాచీ చూస్తే వెనకబడ్డాడు. మిగతావాళ్లు ముఖం తిప్పుకుని ఒక్కొక్కరే దాటిపోయారు. వెనక వినిపిస్తున్న అడుగులు మాత్రం అతడితో పాటే నెమ్మదించాయి. దాటిపొమ్మని చెయ్యి ఊపాడు. అడుగులు ముందుకు రాలేదు. ఈ మర్యాద వీణ్ని ముంచేస్తుందని అతడికి ఒళ్లు మండింది, భయమూ వేసింది. చటుక్కున పక్కకు తప్పుకుని గడ్డిలో చతికిలబడ్డాడు. బావమరిది కూడా ఆగబోయాడు.

"ఇక్కడ ఆగావో, ఇక నా గడప తొక్కకు."

వాడు పరుగందుకున్నాడు. గడియారం ఏనాడూ వాడి వీపు చూసి ఎరగడు. ఇప్పుడు చూశాడు. ఎంత తేలిగ్గా వెళ్తున్నాడో. ముందున్నవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని దాటేశాడు. గీత దగ్గర అందరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే వాడు మాత్రం నిటారుగా నిలబడ్డాడు. గడువు ఇంకా బోలెడు మిగిలిందని అధికారి అరిచి చెప్పాడు.

గడియారం గుండె కుదుటపడింది. ఆ వెంటనే నిరుడు గుర్తొచ్చి కలుక్కుమంది. నిరుడు కూడా ఆ కాళ్లు అవే. వాటికి అడ్డంగా ముందున్నది తనే.

బావమరిది వచ్చి లేవమని చెయ్యి అందించాడు. గడియారం ఆ చెయ్యి పట్టుకోలేకపోయాడు.

"నిరుడు కూడా నావల్లేనట్రా?"



"అక్కకు చెప్పకు బావా. కంచం సంగతి తలుచుకుని ఏడుస్తుంది."