ఏమేం చేయలేడో చెప్పండి

కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో పనిచేసే ఆమెను అందరూ అద్దాలక్క అనే పిలిచేవారు. ముందు గదిలో యజమాని కళ్లు పరీక్షించేవాడు. వెనక గదిలో ఆమె అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. సాన రాయి తిరుగుతున్నంతసేపూ దాని మీద సన్నగా నీళ్లు పడుతూనే ఉండాలి. అందుకే ఆమె వేళ్ల కొసలు ఎప్పుడు చూసినా నాని ముడతలు పడి ఉండేవి. ఆ యంత్రం చప్పుడుకు మించి గొంతెత్తడం అలవాటై, ఇంట్లోనూ కేకలేసినట్టే మాట్లాడేది. "మీ అక్క గుసగుసలాడితే వీధి చివరికి వినిపిస్తుందిరా" అని తమ్ముణ్ని స్నేహితులు ఏడిపించేవారు.

తమ్ముడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. నిచ్చెన మీద నిలబడి, పెన్సిలు గీతైనా లేకుండా, ఒక్క విసురుతో అక్షరం దింపేవాడు. పని చూపించే మేస్త్రి అతన్ని ఆర్టిస్టు అనేవాడు, మొదట్లో వెటకారానికి, తర్వాత్తర్వాత నిజంగానే. అమ్మా నాన్నా పోయాక అక్కాతమ్ముళ్లిద్దరే మూడో అంతస్తులో రెండు గదుల్లో ఉండేవారు. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "ముందు వాణ్నొక ఇంటివాణ్ని చేయనివ్వండి, తర్వాత తీరిగ్గా నా సంగతి చూసుకుంటా" అని నవ్వేసేది.

ఒకరోజు అతను ఒక బేకరీ బోర్డు సగం రాసి, నిచ్చెన దిగి ఇంటికొచ్చేశాడు.

"ఏరా, అప్పుడే అయిపోయిందా?"

"లేదక్కా. ఆ అక్షరాలు నన్ను తిడుతున్నాయి."

"వంకరగా రాస్తే తిట్టవూ మరి?" అని ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. చేతికంటిన ఎర్రరంగు కడుక్కోకుండా అలాగే గోడకానుకుని కూర్చున్నాడు.

తర్వాత రోజుల్లో తిట్లు బోర్డుల మీద నుంచి పేపర్లోకి, పేపర్లోంచి సబ్బు పొట్లాల మీదికి వచ్చాయి. బస్సు నంబరు చూసినా అది తన గురించే అనేవాడు. నిద్ర మానేశాడు, తిండి మానేశాడు. చివరికి కళ్లజోళ్ల దుకాణం ఉన్న వీధిలోనే ఒక మందుల దుకాణం బోర్డు మీద రాయి విసిరితే, జనం పట్టుకుని కొట్టబోయారు. ఆమె నీళ్లోడుతున్న చేతులతోనే పరుగెత్తుకెళ్లి అడ్డం పడింది. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చారు.

కొన్ని వారాలకు ఇంటికి పంపారు. మందులతో తిట్లు చాలామటుకు తగ్గాయి. కానీ వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. అతను రోజంతా మంచం అంచున కూర్చునేవాడు. లేవమంటే లేచేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు. ఒళ్లు తోముకోమని సబ్బు చేతికిస్తే, సబ్బు పట్టుకుని అలాగే నిలబడేవాడు. అక్షరం కంటపడితే మాత్రం ముఖం తిప్పుకుని వణికేవాడు. ఆమె ఇంట్లో ఉన్న సీసాల మీద చీటీలన్నీ నానబెట్టి గీకేసింది. క్యాలెండరును గోడవైపు తిప్పి తగిలించింది. ఉప్పు డబ్బా ఏదో, చక్కెర డబ్బా ఏదో మూత రంగుతో గుర్తుపెట్టుకుంది.

పనికి వెళ్లేటప్పుడు కింది అంతస్తు పిన్నికి అప్పగించి వెళ్లేది. పిన్నికి వీలు పడని రోజున వెంట తీసుకెళ్లేది. దుకాణం ముందు గదిలో కళ్ల పరీక్షకు అక్షరాల పలక వేలాడుతుంది కదా, అతను దానికి వీపు పెట్టి, వెనక గది తలుపును చూస్తూ కూర్చునేవాడు. "అటు తిరిగి కూర్చుని ఏం పరీక్ష చేయించుకుంటున్నాడమ్మా?" అని కళ్లు చూపించుకోవడానికి వచ్చిన ఒకాయన జోకేశాడు. యజమాని నవ్వబోయి ఆపుకున్నాడు. అద్దాలక్కకు కోపమూ రాలేదు, బాధా కలగలేదు. చేతిలోని అద్దం అంచు అరగదీస్తూ ఉండిపోయింది.

అలా ఏళ్లు గడిచాయి. ఏ రోజు ఏం జరిగిందో ఆమెకు విడిగా గుర్తులేదు. పొద్దున మాత్ర, మింగాడో లేదో నోరు తెరిపించి చూడటం, స్నానం, భోజనం, పని, మళ్లీ మాత్ర. ఒకరోజు యజమాని "గొంతు బాలేదా అక్కా, వినపడట్లేదు" అన్నాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, తన గొంతు ఎప్పుడో తగ్గిపోయిందని. ఎప్పుడు తగ్గిందో తెలియలేదు.

ఆసుపత్రిలో మందులిచ్చే సిస్టర్ ఒకావిడ ఉండేది. ప్రతిసారీ ఇద్దరినీ కూర్చోబెట్టి పలకరించేది. ఒకసారి అడిగింది, "మీరెలా ఉన్నారమ్మా?"

"బానే ఉన్నాడండి."

"అతని సంగతి కాదు. మీరు."

అద్దాలక్క ఆలోచించింది. సిస్టర్ ఎదురుచూస్తూనే ఉంది. "ఏమోనండి" అంది చివరికి.

ఆ సిస్టరే చెప్పింది. జబ్బు వల్ల తన పని తాను చేసుకోలేని స్థితికి వచ్చినవాళ్లకు సర్కారు తరఫున ఇంటికి సహాయకుణ్ని పంపుతారట. కాలూ చెయ్యీ పోయినవాళ్లకే కాదు, ఇలాంటివాళ్లకూ వర్తిస్తుందట. కాకపోతే డాక్టర్ల ముందు కూర్చుని పరీక్షకు ఒప్పుకోవాలి.

పరీక్ష గదిలో పొడుగాటి బల్ల వెనక ఇద్దరు డాక్టర్లు కూర్చున్నారు. గోడ మీది నోటీసులు చూడగానే తమ్ముడు తల దించేసుకున్నాడు. వాళ్లలో పెద్దావిడ మర్యాదగానే మాట్లాడింది. "ఏమనుకోవద్దమ్మా. మేం అడగక తప్పదు. అతను ఏమేం చేయలేడో చెప్పండి."

తమ్ముడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. అతన్ని బయట కూర్చోబెట్టడానికి లేదు, డాక్టర్లు అతన్ని చూసి రాయాలి కదా.

"స్నానం?"

"తనంతట తాను చేయలేడండి."

"వంట?"

"స్టవ్ దగ్గరికి రానివ్వనండి."

"ఒక్కడే బయటికి వెళ్లగలడా?"

"వెళ్లలేడండి. బోర్డులుంటాయి."

"చదవడం, రాయడం?"

ఆమె తమ్ముడి వేళ్లవైపు చూసింది. "చేయలేడండి" అంది.

"నలుగురితో మాట్లాడటం? దుకాణంలో ఏదైనా కొనడం? తన బట్టలు తను చూసుకోవడం?"

"లేదండి. లేదండి. చేయలేడండి."

పొరపాటున ఏదైనా చేయగలడని నోరు జారితే సాయం రాదేమోనని, సందేహం ఉన్నవాటికి కూడా లేదనే చెప్పింది. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పుకుపోయింది. తమ్ముడు తన మోకాళ్ల మీద చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికి నడిచొస్తుంటే, ఎప్పటిలాగే బోర్డుల్లేని వెనక సందుల్లో, అతను అడిగాడు.

"అవన్నీ నిజమేనా అక్కా?"

ఆమెకు ఏదో ఒకటి అనాలనిపించింది. అబద్ధం ఆడదామన్నా నోరు రాలేదు.

"నిజమేరా."

"సరే" అన్నాడు.

ఆ రోజు తనకు ఏడుపు వస్తుందేమోనని ఆమె చూసింది. రాలేదు. భోజనం పెట్టింది, మాత్ర వేసింది, గిన్నెలు తోమింది.

సాయం మంజూరైంది. వారంలో కొన్ని పూటలు ఒక పెద్దాయన రావడం మొదలుపెట్టాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరై, ఈ పనిలో శిక్షణ తీసుకున్నాడు. తలుపు తీయగానే "ఏం బాబాయ్, బయలుదేరదామా? రైట్ రైట్" అనేవాడు, తనకంటే చిన్నవాణ్ని పట్టుకుని. మొదట్లో తమ్ముడు ఆయనవైపైనా చూడలేదు. కండక్టరు బలవంతపెట్టలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని తన ఉద్యోగంలో జరిగినవి చెప్పుకుపోయేవాడు. కోడిపుంజుకు టిక్కెట్టు అడిగి తిట్లు తిన్న సంగతి, డ్రైవరు తనను స్టాపులో మర్చిపోయి వెళ్లిపోయిన సంగతి.

ఆయన ఒకరోజు స్టవ్ ముందు తమ్ముణ్ని నిలబెట్టి, తను చేతులు కట్టుకుని నిలబడ్డాడట. గుడ్డు ఉడకబెట్టించాడట. సాయంత్రం ఆమె రాగానే చెప్పాడు. "మీవాడు మొదటి గుడ్డు మాడ్చాడమ్మా. నీళ్లు పోసి గుడ్డు మాడ్చడమంటే మాటలా? రెండోది మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది."

"మంచిదండి" అంది ఆమె. సంతోషించాలని తెలుసు. ముఖం మీదికి నవ్వు తెచ్చుకుంది కూడా. లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు.

ఆ కండక్టరే తమ్ముణ్ని మేస్త్రి దగ్గరికీ తీసుకెళ్లాడు. మేస్త్రి తన ఆర్టిస్టును చూసి చేతిలో కుంచె పక్కన పెట్టేశాడు. తర్వాత అక్షరాలు రాసిన రేకులన్నీ లోపల పెట్టించి, వెనక వసారాలో రంగు డబ్బాల ముందు కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి వీలైన పూటల్లో అతను అక్కడ రంగులు కలుపుతున్నాడు. అలిసిపోతే ఆపేస్తాడు. కొన్ని వారాలు అసలు వెళ్లడు. మధ్యలో ఒకసారి తిట్లు మళ్లీ గట్టిగా వినిపించి, ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. వచ్చాక స్టవ్ వెలిగించడం మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది.

కొన్నాళ్లకు మళ్లీ పరీక్షకు పిలిచారు. సాయం ఇంకా అవసరమో కాదో చూస్తారన్నమాట. అద్దాలక్క దారంతా అవే జవాబులు మనసులో చెప్పుకుంటూ వచ్చింది. స్నానం చేయలేడు, వంట చేయలేడు. డాక్టరు మొదటి ప్రశ్న వేయగానే ఆమె నోరు తెరిచింది.

"నేను చెప్తా అక్కా" అన్నాడు తమ్ముడు. తల ఎత్తలేదు. ఒక్కో మాటకూ చాలాసేపు తీసుకున్నాడు. "స్నానం చేస్తాను, అక్క గుర్తుచేస్తే. గుడ్డు ఉడకబెడతాను. రంగులు కలుపుతాను. చదవలేను. ఒక్కణ్నే వెళ్లలేను. ఒంట్లో బాగోనప్పుడు ఇవేవీ చేయలేను."

డాక్టరు రాసుకుంది.

సాయం ఆపలేదు గానీ, ఒక పూట తగ్గించారు. కింది పిన్ని మండిపడింది. "వాడు నోరు మూసుకుని కూర్చుంటే పోయేదిగా! నువ్వైనా చెప్పొద్దూ?"

"చెప్పింది నిజమే కదా పిన్నీ" అంది అద్దాలక్క. తమ్ముడి మీద ఆమెకు కోపం లేదు. గర్వమూ లేదు. ఒక పూట తగ్గింది కాబట్టి పని వేళలు ఎలా సర్దుకోవాలా అని మాత్రం లెక్కవేసుకుంది.

మిగిలిన పూటల్లో ఒకటి దుకాణం సెలవు రోజున పడింది. అంటే ఆ పొద్దంతా ఆమెది. మొదటిసారి ఇంట్లోనే కూర్చుంది. కండక్టరు, తమ్ముడు వెళ్లిపోయాక ఏం చేయాలో తోచక, ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికింది. సిస్టర్ తిట్టింది, "బయటికి వెళ్లండమ్మా, ఎక్కడికైనా." ఎక్కడికో తెలియక ఆమె వచ్చిన బస్సెక్కింది. చివరి స్టాపు దాకా వెళ్లింది. అక్కడొక టీ బంకు, ఒక సిమెంటు బెంచీ, ఆ వెనక ఖాళీ స్థలం. టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చింది. ఆ తర్వాతి వారమూ వెళ్లింది. ఇప్పటికీ వెళ్తూనే ఉంది.

టీ బంకామెకు ఆమె ముఖం అలవాటైంది. ఒకరోజు గ్లాసు అందిస్తూ అడిగింది. "వారం వారం వస్తారు, కూర్చుంటారు, వెళ్లిపోతారు. ఎవరి కోసం వస్తారమ్మా?"

"ఎవరి కోసమూ కాదండి" అంది అద్దాలక్క.

ఎండ బెంచీ మీదికి వస్తోందని, బంకామె కాస్త నీడకు జరగమంది. అద్దాలక్క జరిగింది. టీ వేడిగా ఉంది. బస్సు మళ్లీ బయలుదేరేదాకా అక్కడే కూర్చుంది.